జల్లెడ గోడ

కుందూ ఏరు పొంగి దొర్నిపాడు దిగువ పల్లెలను ముంచిన ఏడాది నుంచి లెక్కపెడితే అది ఆరో ఏడు. కాగితాల్లో చూస్తే పందొమ్మిది వందల ఎనభై ఒకటి. కొత్తపేటలో ఎవరూ కాగితం లెక్క చెప్పరు. పిల్ల ఎప్పుడు పుట్టిందంటే కుందూ వచ్చిన రెండో ఏడు అంటారు. పాడి ఎనుము ఎప్పుడు కొన్నావంటే కుందూకు ముందటి ఏడు అంటారు. జకరయ్య గోడకు మట్టి పెట్టింది కుందూకు ఆరో ఏడు, విశాఖ కార్తెకు పది రోజుల ముందు.

ఆ వరదలో ఇళ్ళు పోయిన నలభై కుటుంబాలకు ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల కింద గట్టు నేల చూసి సర్కారు స్థలాలు ఇచ్చింది. అదే కొత్తపేట. ఏరు ఎంత పొంగినా ఇంత దూరం రాదు గదా అని అందరూ సంతోషపడ్డారు. వెనక ఉన్న కొండను ఎవరూ పట్టించుకోలేదు. కొండలోంచి ఒక వంక దిగుతుంది. ఏడాదిలో పది నెలలు ఎండిపోయే ఉంటుంది. సరిగ్గా ఆ వంక నోట్లో ఇళ్ళు కట్టుకున్నారు. మొదటి వానాకాలంలోనే ఎర్రమట్టి, రాళ్ళు, చెట్ల మొద్దులు కలిసి దొర్లివస్తే రెండు కొట్టాలు, మూడు ఎనుములు పోయాయి. అప్పుడు సర్కారు గోడ మంజూరు చేసింది.

ఆ గోడకు మేస్త్రీ జకరయ్య. అతను కొత్తపేటలోనే ఉన్నా కుందూ ఒడ్డున పుట్టినవాడు కాదు. పెళ్ళి చేసుకుని భార్య ఊరికి వచ్చినవాడు. వయసులో ఉన్నప్పుడు నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలుదారిలో, కొండ తొలిచినచోట్లలో రాతిపని చేశాడు. పైనుంచి జారే రాయిని ఆపే గోడలు అక్కడ చాలా కట్టాడు. మనిషి మాట్లాడడు. నువ్వు నాలుగు మాటలు అడిగితే ఒకటి చెప్తాడు, అదీ నీ మొగం చూసి కాదు, చేతిలో రాయి చూసి.

వంక నోటి దగ్గర ఏనుగంత బండ ఒకటి ఉంది. దానికి ఎడమ పక్క కొంత, కుడి పక్క కొంత గోడ కట్టాడు. రెండు నిలువుల ఎత్తు. నీళ్ళు పోవడానికి ఒక్కో పక్క పదకొండు తూములు వదిలాడు. ఒక్కో తూములో మనిషి తల పడుతుంది. ఎడమ గోడ కింద ప్రార్థన ఇల్లు, దానికి అవతల మిట్ట మీద బడి. కుడి గోడ కింద నాలుగిళ్ళు. గోడకు ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు జకరయ్యదే. అంత దగ్గర స్థలం ఎవరూ తీసుకోకపోతే తనే తీసుకున్నాడు.

గోడ కట్టిన తర్వాత నాలుగేండ్లు ఆ వంకను చూశాడు. పొద్దున లేస్తూనే గోడ ఎక్కి కూర్చుని బీడీ కాల్చుకోవడం వాడుక. ఎండాకాలంలో పైనుంచి మట్టి, గులకరాళ్ళు పొడిగా జారి వచ్చేవి. కళ్ళంలో జొన్నలు పోసినట్టు గోడ మొదట్లో కుప్ప పడేవి. వెనక వచ్చింది ఆ కుప్ప ఎక్కలేక ఆగిపోయేది. గోడకు చీమ కుట్టినంత కూడా ఉండదు. ఒకటి రెండు వానలు పడ్డాక వచ్చేది వేరు. అది సంకటి మాదిరి. మెల్లగా వచ్చి గోడకు అంటుకుని, అక్కడే గట్టిపడి మెట్టుగా నిలబడేది. ఇక మూడు నాలుగు రోజులు ముసురు పట్టి కొండంతా నానిపోయాక వచ్చేదే అసలుది. అది అంబలి. పెద్ద పెద్ద రాళ్ళు దాంట్లో తేలుతున్నట్టు వస్తాయి. గుర్రం పరుగు. గోడకు తగిలిన దెబ్బకు బురద పైకి లేచి అంచు దాటి చిమ్ముతుంది. అదే కొండ, అదే మట్టి, అవే రాళ్ళు. తేడా అంతా చెమ్మలోనే ఉంది.

ఆ అంబలిని కూడా గోడ రెండుసార్లు ఆపింది. రాయి తగిలీ తగలకముందే నీళ్ళు తూముల్లోంచి పిచికారీ కొట్టినట్టు ఇవతలికి వచ్చేసేవి. నీళ్ళు దిగిపోయిన రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని అవతలే బిగుసుకుపోయేవి. జకరయ్య చూసి తలూపుకునేవాడు. ఎవరికీ చెప్పేవాడు కాదు.

కొత్తపేటవాళ్ళకు మాత్రం ఆ గోడ తలవంపుగా ఉండేది. వాన పడితే చాలు, తూముల్లోంచి ఎర్రనీళ్ళు వచ్చి కుడి పక్క ఇళ్ళలో పొయ్యిలు తడిసేవి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం పెద్ద గురుస్వామి అందరి ముందు అడిగాడు.

"ఏందప్పా జకరయ్యా, గోడ కట్టినావా జల్లెడ కట్టినావా?"

జకరయ్య చెల్లెలు సువార్తమ్మ ఊరుకుంటుందా. మొగుడు పోయి అన్న ఇంట్లో ఉంటున్న మనిషి. నోరు పెద్దది. "జల్లెడైతే పిండన్నా జల్లించుకుంటాం గద పెద్దాయనా. మా అన్న జల్లెళ్ళో బురద తప్ప ఏం రాలదు" అంది. అందరూ నవ్వారు.

"నవ్వులాట కాదు. కుందూ కరకట్టకు ఎవడన్నా బొక్కలు పెడతాడా? ఎలుక బొక్క కనపడితేనే మా నాయన గుడ్డ చుట్టుకోకుండా ఉరికి మట్టి పెడతాండె. ఆ బొక్కే గదా మనల్ని ముంచింది!" అన్నాడు గురుస్వామి.

ఆ మాటకు నవ్వు ఆగింది. నిజమే. ఆ ఏడు కరకట్ట తెగింది చిన్న బొక్క దగ్గరే. అందరూ కళ్ళతో చూసినవాళ్ళే.

"అది ఏరు. ఇది కొండ" అన్నాడు జకరయ్య.

"ఏరైతేనేం, కొండైతేనేం? నీళ్ళు నీళ్ళే గదప్పా."

జకరయ్యకు చెప్పాలని ఉంది. గంపలో తడి మట్టి, రాళ్ళు కలిపి పోసి, నీళ్ళు కారిపోయి రాళ్ళు నిలబడడం చూపిద్దామనుకున్నాడు. అదే తొట్టిలో పోస్తే ఏమవుతుందో కూడా చూపాలనుకున్నాడు. నలభై మంది ముందు గంప పట్టుకుని నిలబడడానికి సిగ్గనిపించింది. "వద్దు. మూసేది లేదు" అని లేచి వెళ్ళిపోయాడు. అతను గోడకు దగ్గరగా ఉండేవాడు కాబట్టి, చేతిలో గడారి, రాళ్ళు పెకలించే ఇనుప గడ్డపార, ఉండేది కాబట్టి, రెండేండ్లు ఎవరూ మూయలేదు.

ఆరో ఏడు కూతురు శాంతమ్మ కాన్పుకు వచ్చింది. అల్లుడు యాకోబుకు నంద్యాలలో పత్తి మిల్లులో పని. తల్లి లేని పిల్ల కాబట్టి సువార్తమ్మే అన్నీ చూసింది. ఆడపిల్ల పుట్టింది. తొమ్మిదో రోజు వాన పట్టింది. తూముల్లోంచి నీళ్ళు కారి గోడ పక్క ఇంట్లోకి చెమ్మ ఎక్కింది. బాలింత ఉన్న ఇల్లు పొడిగా, వెచ్చగా ఉండాలి. సువార్తమ్మ కుంపటి మీద సాంబ్రాణి వేసి, గోనెపట్టాలు పరిచి నానా తంటాలు పడింది. పట్టా వేసిన గంటకే తడిసిపోయేది. పదో రోజు శాంతమ్మకు ఒళ్ళు కాలింది. ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన మాత్రలకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది.

"నాయనా, ఒకటడిగేదా?" అంది శాంతమ్మ మంచంలో పడుకునే.

"అడుగమ్మా."

"ఆ బొక్కలు మూసెయ్ నాయనా. నాకోసరం కాదు, పాపకోసరం. గుడ్డలు పిండి వేస్తాంటే ఆరతాండ్లేదు. తడిగుడ్డలోనే పండబెడతాండా."

జకరయ్య నేల చూశాడు. మంచం కోళ్ళ చుట్టూ నీళ్ళు మెరుస్తున్నాయి.

"మూడో నెలకు నేను నంద్యాలకు పోతా గదా. అప్పుడు మళ్ళా తెరుసుకో. మూడు నెలలే గదా."

"మంచి గోడమ్మా అది" అన్నాడు జకరయ్య. 

"గోడ మంచిదే అన్నా. పిల్ల బతకాల్న వద్దా?" అంది సువార్తమ్మ ఆ మూల నుంచి.

వాన తెరిపి ఇచ్చిన మరుసటి రోజే గురుస్వామి రెండు బండ్లు కట్టించి కుందూ ఒడ్డుకు పంపాడు. నల్లరేగడి వచ్చింది. కుందూ ఒడ్డువాళ్ళకు ఆ పని పుట్టుకతో వచ్చింది. ఆడా మగా కలిసి గడ్డి తరిగి మట్టిలో వేసి తొక్కారు. గురుస్వామి అరవై ఏళ్ళ మనిషి, పంచె ఎగగట్టి వాళ్ళతోపాటు తొక్కాడు. పెండ్లి పని మాదిరి జరిగింది. ఉండలు చేసి అందిస్తుంటే జకరయ్య తనే తూముల్లో దూర్చాడు. వేరేవాళ్ళను చేయనివ్వలేదు. చేసేదేదో గట్టిగా చేయడం అతని స్వభావం. ఒక్కో తూములో గడారి మొనతో కూరి కూరి బిగించాడు. అట్లా ఇరవై రెండూ మూశాడు.

"ఇప్పుడు గోడైందప్పా" అన్నాడు గురుస్వామి.

గురువారం సముద్రంలో వాయుగుండం అని ఆళ్లగడ్డలో రేడియో చెప్పిందట. ఆ సాయంత్రం నుంచి ముసురు పట్టింది. శుక్రవారమంతా పడింది. శనివారం పొద్దున శాంతమ్మకు జ్వరం కొంచెం దిగింది. "చూడు నాయనా, నేల ఎంత గట్టిగుందో. పాప గుడ్డలు ఆరినాయి" అంది. బిడ్డను ఎత్తి చూపించింది. జకరయ్య బిడ్డ నుదుటి మీద వేలు పెట్టి చూసి బయటికి వచ్చి గోడ ఎక్కాడు.

అవతల నీళ్ళు నిలబడి ఉన్నాయి. కుడి పక్క మనిషి లోతు. ఎడమ పక్క రొమ్ము లోతు. ఎర్రటి నీళ్ళు, మీద ఎండుటాకులు. నాలుగేండ్లలో అక్కడ జానెడు నీళ్ళు నిలబడడం అతను చూడలేదు.

గురుస్వామి ఇంకా పదిమందితో వచ్చి చూశాడు. వాళ్ళ మొగాలు వెలిగిపోయాయి. "చెరువు మాదిరి నిలబడింది చూడప్పా. ఒక్క చుక్క ఇవతలికి వస్తాందా? సంక్రాంతి దాకా ఎనుములకు నీళ్ళకు తిప్పలు లేవు."

జకరయ్య గోడ దిగి గడారి తెచ్చి మొదటి తూములో పొడవబోయాడు.

"ఏందీ, ఏం చేస్తాండావ్?" నలుగురు పట్టుకున్నారు.

"తీస్తా."

"అంత నీళ్ళు నిలబడినాక తీస్తావా? మొత్తం నీ ఇంటి మీదికే గదప్పా వచ్చేది! లోపల బాలింత ఉండాది, మతి ఉండాదా నీకు?"

"మెల్లగా వస్తాది. రాయి వచ్చేలోగా పోవాల."

"ఏ రాయి? యాడుంది రాయి?" అని గురుస్వామి కొండ వైపు చూపించాడు. మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. గడారి లాక్కున్నారు. కోపంతో కాదు. ముసలాయనకు కూతురి జ్వరంతో తిక్క లేచిందనుకున్నారు. గురుస్వామే చేయి పట్టి ఇంటి దాకా దింపిపోయాడు.

ఆదివారం పొద్దున కూడా వాన నిలబడలేదు. పత్తి తడుస్తోంది, శెనగ విత్తనం కుళ్ళుతోంది, ఎనుములు రొప్పుతున్నాయి. వాన ఆగాలని గురుస్వామి ప్రత్యేక ప్రార్థన పెట్టాడు. పసిపిల్లలతో సహా పేటంతా ప్రార్థన ఇంట్లో ఉంది. కుడి పక్క నాలుగిళ్ళలో మూడు ఖాళీ. మిగిలింది శాంతమ్మ, బిడ్డ, సువార్తమ్మ. జకరయ్య అరుగు మీద కూర్చున్నాడు. మూడు రోజులుగా గోడ అవతల వంక హోరు వింటూనే ఉన్నాడు. బీడీ ముట్టించడానికి రెండో అగ్గిపుల్ల గీశాడు. పుల్ల గీసిన చప్పుడు వినపడింది.

అప్పటిదాకా ఏ చప్పుడూ వినపడేది కాదు. హోరు ఆగిపోయింది. వాన మాత్రం పడుతూనే ఉంది.

రైలుదారిలో ఒకసారి ఇట్లా అయింది. వాన పడుతుంటే వంక ఆగిందంటే పైన ఎక్కడో మట్టి జారి అడ్డం పడిందని అర్థం. వెనక నీళ్ళు నిండుతాయి. నిండి, దాన్ని తోసుకుని వస్తాయి. ఆ రోజు అరగంట పట్టింది. అతనికి అది గుర్తుంది. అరగంట.

"సువార్తా! పిల్లనూ పాపనూ ఎత్తుకుని బడి మిట్టకు పో. బేగా!"

"ఏమైందన్నా?"

"బేగా పో!"

ఎన్నడూ అరవని మనిషి అరిచేసరికి సువార్తమ్మ ఎదురు చెప్పలేదు. జకరయ్య ప్రార్థన ఇంటి వైపు పరుగెత్తాడు. గుమ్మంలో నిలబడి, "వంక ఆగింది. బయటికి రాండి" అన్నాడు.

మోకాళ్ళ మీద ఉన్న జనం తలెత్తారు. గురుస్వామి చెవి పెట్టి విన్నాడు. నిజంగానే హోరు లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆగింది! దేవుడు ఆలకించినాడు! లేచి స్తోత్రం చెప్పండి" అన్నాడు. అందరూ లేచి పాట ఎత్తుకున్నారు.

"అది కాదప్పా..." అన్నాడు జకరయ్య. పాటలో ఆ మాట అతనికే వినపడలేదు. అప్పుడు నాలుగు మాటలు చెప్పడం వచ్చి ఉంటే అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో. చెప్పడం రాలేదు. చేయడమే వచ్చు. ముందురోజు తన చేతిలోంచి లాక్కున్న గడారి గుమ్మం పక్కన ఆనించి ఉంది. అది తీసుకుని ఎడమ గోడ దగ్గరికి పోయాడు.

కుడి గోడ కింద తన కూతురు. ఎడమ గోడ కింద నూట యాభై మంది. కూతురిని తీసుకుపోవడానికి సువార్తమ్మ ఉంది, అరగంట ఉంది. ఈ జనం కదలరు. అంత లెక్కే వేసుకున్నాడు. వేసుకోవడానికి కూడా నిలబడలేదు.

పక్కకు నిలబడి మొదటి తూములో గడారి పొడిచాడు. తను బిగించిన మట్టే. పది పోట్లకు కదిలింది. ఉండ ఊడిపడి ఎర్రనీళ్ళు మనిషి పొడవున చిమ్మాయి. రెండోది. మూడోది. నాలుగోదానికి చేతులు బొబ్బలెక్కాయి. నీళ్ళు ప్రార్థన ఇంటి మెట్ల దాకా పారేసరికి పాట ఆగింది. జనం బయటికి వచ్చి తిట్టడం మొదలుపెట్టారు. "వీనికి నిజంగానే తిక్క లేచిందిరా!" అన్నారెవరో. ఇద్దరు పట్టుకోబోతే గడారి ఎత్తాడు. వాళ్ళు ఆగారు. ఐదు. ఆరు. గోడ అవతల నీళ్ళు రొమ్ము లోతు నుంచి మోకాటి లోతుకు దిగాయి. ఏడోది తీస్తూ తల తిప్పి చూశాడు. సువార్తమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుని బడి మిట్ట ఎక్కుతోంది. ఒక్కతే.

"పిల్ల ఏదీ?" అని అరిచాడు.

"నడవలేకుండాది అన్నా! పాపను దింపి మళ్ళా పోతా!"

జకరయ్య గడారి పడేశాడు. బండ చుట్టి కుడి పక్కకు ఇరవై అడుగులు పరుగెత్తాడు. అప్పుడు పైన చప్పుడు మొదలైంది. అరగంట కాలేదు. అందులో సగం కూడా కాలేదు.

అంబలి వచ్చింది. బండకు తగిలి రెండుగా చీలింది. ఎడమ పక్క గోడ మీద పడ్డప్పుడు బురద తాటిచెట్టంత లేచింది. తెరిచిన ఏడు తూముల్లోంచి నీళ్ళు ఒక్కసారి బుస్సుమన్నాయి. గోడ వణికింది, నిలబడింది. రాళ్ళు అవతలే ఒకదానిమీదొకటి కూర్చున్నాయి. కుడి పక్క నీళ్ళు పోవడానికి దారి లేదు. నిండా నీళ్ళున్న తొట్టిలో బండ వేసినట్టయింది. గోడ మధ్యలో కడుపు ఉబ్బినట్టు ముందుకు వచ్చింది. జకరయ్య అది చూశాడు. ఇంటి గుమ్మంలో శాంతమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వీపు వెనక ఏం వస్తోందో ఆమెకు కనపడదు. తండ్రిని చూసి, వస్తున్నా అన్నట్టు చేయి ఎత్తింది.

కుడి పక్క గోడ పోయింది. నాలుగిళ్ళూ పోయాయి.

సాయంత్రానికి శాంతమ్మ దొరికింది. గురుస్వామి మోకాటి లోతు బురదలో అందరికంటే ముందు దిగి, చేతులతోనే తవ్వాడు. ప్రార్థన ఇంట్లో పండబెట్టి సువార్తమ్మ కడిగింది.  ఆమె నోరు మూసుకుని ఉండడం పేట మొత్తం అదే మొదటిసారి చూడడం.

తెల్లవారి యాకోబు వచ్చాడు. ఆళ్లగడ్డ దాకా లారీలో వచ్చి, అక్కడి నుంచి నడిచాడట. పంచె తొడల దాకా బురద. లోపలికి పోయి చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"మామా, నీ గోడ పడదంటివి గదా. ఆ మాట మీదే గదా ఈడికి పంపితి."

"పడదు" అన్నాడు జకరయ్య. "నేను మూసినా. అందుకు పడింది."

"నీదొక్కనిదే కాదప్పా, ఊరంతా కలిసి..." అని గురుస్వామి ఏదో చెప్పబోయాడు. యాకోబు ఆయన వైపు చూడలేదు. సువార్తమ్మ చేతిలోంచి బిడ్డను తీసుకుని గోడకు వీపు చేసి కూర్చున్నాడు.

వాన సన్నగా పడుతూనే ఉంది. మగవాళ్ళు గొయ్యి తవ్వడానికి మిట్ట మీదికి పోయారు. జకరయ్య గడారి వెతుక్కుని ఎడమ గోడ దగ్గరికి వచ్చాడు. నాలుగు తూములు ఇంకా మూసే ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి పొడిచాడు. ఆఖరుదానిలో గడ్డి అల్లుకుపోయి మట్టి రాలేదు. గడారి కింద పెట్టి చేయి భుజం దాకా దూర్చి గోళ్ళతో గీకి తీశాడు. నీళ్ళు రాసాగాయి. అవి పారే దారిలో ఉన్న రెండు రాళ్ళు పక్కకు జరిపి, చేతులు ఆ నీళ్ళలోనే కడుక్కుని మిట్ట మీదికి పోయాడు.